పెట్టెలో ఇంకో శృతి

కోయిలకుంట్ల బయట శనగ చేలకు ఆనుకొని ఉన్న సబ్‌స్టేషన్‌లో నేను షిఫ్ట్ ఆపరేటర్‌ని. రోజుకు ఎనిమిది గంటలు రెండు పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ల పక్కన కూర్చుంటాను. అవి ఆగకుండా గూయ్‌మంటూనే ఉంటాయి. కొత్తగా డ్యూటీకి వచ్చినవాళ్ళకు వారం పాటు తలనొప్పి. నాకు ఆ మోత వినపడనే వినపడదు. ఆగిపోతే మాత్రం ఎంత పనిలో ఉన్నా తలెత్తి చూస్తాను.

ఉద్యోగమంతా ఆ మోతలో బతికి, ఇంటికొచ్చి అదే మోతను చంపడానికి పాతికేళ్ళు తంటాలు పడ్డానంటే ఎవరైనా నవ్వుతారు. నాకు ఆంప్లిఫయర్లు చేసే పిచ్చి. అంగట్లో దొరికేది కొనుక్కోవచ్చు గదా అని అందరూ అంటారు. కొనుక్కోవచ్చు. కానీ మనం అతికించిన ముక్కల్లోంచి పాట బయటికి వచ్చినప్పుడు ఉండే సంతోషం కొన్నదాంట్లో ఉండదు.

నా మొదటి ఆంప్లిఫయర్ పాట కంటే ముందు మోతను వినిపించింది. వాల్యూమ్ సున్నాలో పెట్టినా స్పీకర్‌లో తుమ్మెద దూరినట్టు ఒకటే రొద. మా ఆమె వంటింట్లోంచి తొంగి చూసి, "పాట పెడతానంటివి, పిండి మిల్లు పెట్టినావేంది?" అనింది.

ఆ మోత ఎందుకు వస్తుందో నాకు విడమరిచి చెప్పింది నా స్నేహితుడు. గోడలోంచి వచ్చే కరెంటు సెకనుకు యాభైసార్లు అటూ ఇటూ ఊగుతుంది. డయోడ్లు దాన్ని ఒకే వైపుకు తిప్పుతాయి. అప్పుడది సెకనుకు నూరుసార్లు ఎగిరి పడుతుంది. ఆ ఎగుడుదిగుళ్ళను చదును చేసేది కండెన్సర్. "మీ ఊర్లో కొళాయి రెండు దినాలకొకసారి వస్తాది. అయినా ఇంట్లో రోజూ నీళ్ళుంటాయి. ఎందుకు? తొట్టి ఉండాది కాబట్టి. కండెన్సరంటే తొట్టి. తొట్టి చిన్నదైతే నడుమ నీళ్ళు అడుగంటుతాయి. ఆ అడుగంటడమే నీకు స్పీకర్లో వినపడతాండాది," అన్నాడు. అంత తేటగా నాకు ఐటీఐలో ఏ సారూ చెప్పలేదు.

వాడూ నేనూ కర్నూలు ఐటీఐలో ఒకే బెంచీ. ఒకే గదిలో అద్దెకున్నాం, ఒకే కిరసనాయిలు స్టవ్ మీద వండుకున్నాం. కరెంటు డిపార్ట్‌మెంట్ పరీక్ష ఇద్దరం కలిసే రాశాం. నాకు వచ్చింది, వాడికి కొద్ది మార్కుల్లో పోయింది. నాకు ఆర్డరు వచ్చిన రోజు నన్ను హోటల్‌కు తీసుకుపోయి దోశ తినిపించింది కూడా వాడే. తర్వాత వాడు డోన్ స్టేషన్‌కు పోయే దారిలో మోటారు వైండింగ్ షాపు పెట్టుకున్నాడు. బోరు మోటార్లు కాలిపోవడం మా సీమలో ఎప్పుడూ ఉండేదే కాబట్టి పనికి కొదవ లేదు. రాగితీగ చుట్టడంలో వాడి చెయ్యి లాంటి చెయ్యి నేను చూడలేదు. నా ఆంప్లిఫయర్లకు ట్రాన్స్‌ఫార్మర్లన్నీ వాడు చుట్టినవే.

నాకు సెలవు దొరికినప్పుడల్లా బనగానపల్లె మీదుగా బస్సెక్కి డోన్ పోయేవాణ్ణి. షాపు వెనక రేకుల కింద ఇద్దరం కూర్చొని ఆ మోత వెంట పడేవాళ్ళం. కరెంటు తీగల్ని జడలాగా మెలేసి పెట్టాలని, ఎర్త్ తీగలన్నీ ఒకే చుక్క దగ్గర కలవాలని, లేకుంటే కరెంటు ఎర్త్‌లోనే చుట్టు తిరిగి మోత పుడుతుందని వాడే నేర్పాడు. ట్రాన్స్‌ఫార్మర్‌ను బిగించకముందు చేత్తో పట్టుకొని మెల్లగా తిప్పుతూ పోతే ఒకచోట మోత సగానికి సగం పడిపోతుంది. నేను తిప్పేవాణ్ణి. వాడు హెడ్‌ఫోన్ పెట్టుకొని కళ్ళు మూసుకొని, "ఇంకొంచెం... ఇంకొంచెం... ఆపు. ఆడనే," అనేవాడు. ఆ 'ఆడనే' అన్న మాట కోసమే నేను అంత దూరం పోయేవాణ్ణేమో.

వాడి మీద నాకున్నంత నమ్మకమే వాడికీ నా మీద ఉందని అనుకున్నాను. ఒక విషయంలో మాత్రం నాది పైచెయ్యి. మైకు దగ్గర ఉండే చిన్న సర్క్యూట్లు వాడికి అర్థమయ్యేవి కావు. అవి నేను గీసి ఇస్తే చూసి దించేవాడు. ఆ సంగతి ఎప్పుడూ నవ్వుతూనే చెప్పేవాడు.

మా చెల్లెల్ని మైదుకూరులో ఇచ్చాం. వాళ్ళ కొత్తింటి గృహప్రవేశానికి పోయినప్పుడు నాదస్వరం వాయించే ఒక పెద్దాయనను చూశాను. డెబ్భై దాటినాయి. ఆ రోజు ఆయన వాయించలేదు. గోడకు ఆనుకొని కూర్చొని, వాయిస్తున్న శిష్యుల వేళ్ళ వైపు కళ్ళార్పకుండా చూస్తున్నాడు. శిష్యులంటే చిన్నవాళ్ళు కాదు, నలభై ఏళ్ళ మనుషులు. భోజనాల దగ్గర పక్కన కూర్చుంటే అడిగాను, "వేళ్ళు అంత దీక్షగా చూస్తాండారేం సామీ?" అని.

"వినపడక నాయనా," అన్నాడాయన. "యాభై ఏండ్లు డోలు పక్కన నిలబడుకొని వాయించినా. లావు శబ్దాలు వినపడతాయి. సన్నవి పోయినాయి. గమకం ఎట్ల పలికిందో వేళ్ళను చూసి లెక్కగట్టుకుంటాండా." చెవి మిషను కొన్నాడట. "అది మాటలకే గాని పాటకు పనికిరాదు. కీచుమంటాది."

ఆయన జాలి పడమని చెప్పలేదు. అడిగితే చెప్పాడు, అంతే. నేనే అన్నాను, "నేనొక పెట్టె చేసిస్తా సామీ. మైకు శిష్యుల ముందర పెట్టి, మీరు హెడ్‌ఫోన్ పెట్టుకుంటే సన్నవన్నీ పెంచి వినిపిస్తాది."

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "చేస్తావా నాయనా?"

ఆ వారమే డోన్ పోయి స్నేహితుడికి చెప్పాను. వాడికీ హుషారు వచ్చింది. ఇద్దరం మధ్యాహ్నమంతా కూర్చొని గీశాం. మైకుకు వేరే చిన్న తొట్టి పెట్టాలన్న ఆలోచన నాది. పెద్ద తొట్టిలో ఏం కదిలినా మైకుకు తగలకుండా. డ్రాయింగు సాపు చేసి వాడికి వాట్సాప్‌లో పంపాను. "కండెన్సర్లు నేను తెప్పిస్తా, పదివేల మైక్రోఫారడ్లవి, పెద్ద తొట్లు. మోత యాడికి పోతాదో చూద్దాం," అన్నాడు. పది రోజులకు నీలి రంగు కండెన్సర్ డబ్బాలు రెండు, వాడు చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి బస్సులో పంపాడు. వాడిని ఒకసారి మైదుకూరుకు తీసుకుపోయి పెద్దాయనకు పరిచయం కూడా చేశాను. "నా కంటే పనిమంతుడు సామీ," అని చెప్పాను. అది మర్యాదకు అన్న మాట కాదు.

పెట్టె తయారైంది. మైదుకూరులో ఆయన ఇంటి పంచలో పెట్టి స్విచ్ వేశాను. శిష్యుడు ఇంకా నాదస్వరం నోటికి తీసుకోలేదు. పెద్దాయన హెడ్‌ఫోన్ పెట్టుకొని ఒక్క నిమిషం విని, వేలు పైకెత్తాడు.

"దీంట్లో ఇంకో శృతి ఉండాది."

"అది కరెంటు మోత సామీ. కొంచెం ఉంటాది."

"ఎవరి శృతైనా కానీ నాయనా, నా శృతి కాదు. నా షడ్జానికి ఇది మధ్యమం. మధ్యమానికి కూడా వెంట్రుకవాసి పైన నిలబడుకొని ఉండాది. శిష్యుడు వాయించే మధ్యమం సరిగుండాదో లేదో నాకెట్ల తెలుస్తాది?"

అప్పుడు నాకు అర్థమైంది నేనెంత పొరపాటు పడ్డానో. మనలాంటివాళ్ళకు ఆ మోత ఒక చిరాకు. ఆయనకు అది పక్కన కూర్చొని తప్పు శృతి పట్టే ఇంకో మనిషి. పైగా ఆయన చెవిలో మిగిలింది లావు శబ్దాలే. అన్నిటికంటే బాగా ఆయనకు వినపడేది ఆ మోతే.

"నెలలో సరిచేసి తెస్తా," అని పెట్టె వెనక్కి తెచ్చుకున్నాను.

ఒక నెల నాలుగు నెలలైంది. తీగలన్నీ విప్పి మళ్ళీ మెలేశాను. ఎర్త్ చుక్కను మూడు చోట్లకు మార్చాను. మైకు సర్క్యూట్‌కు నూనె డబ్బా రేకు కత్తిరించి చుట్టూ కప్పాను. ట్రాన్స్‌ఫార్మర్‌ను పెట్టెలోంచి తీసేసి మూరెడు దూరంలో వేరే డబ్బాలో పెట్టాను. ప్రతిసారీ కోయిలకుంట్ల నుంచి ఆళ్ళగడ్డ, చాగలమర్రి మీదుగా బస్సులో ఒళ్ళో పెట్టుకొని మైదుకూరు తీసుకుపోయేవాణ్ణి. పెద్దాయన విసుక్కోకుండా హెడ్‌ఫోన్ పెట్టుకునేవాడు. వేలెత్తేవాడు. "శిష్యుడు గట్టిగా ఊదితే అది కూడా గట్టిగా ఊదుతాండాది నాయనా," అన్నాడొకసారి.

ఇంకోసారి, "ఈ పొద్దు ఒక పిసరు కిందికి దిగింది," అన్నాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. సబ్‌స్టేషన్‌లో డ్యూటీలో ఉన్నతనికి ఫోన్ చేసి ఫ్రీక్వెన్సీ ఎంతుందో చూడమన్నాను. నిజంగానే ఆ పూట యాభైకి కొంచెం తక్కువ చూపిస్తోంది.

ఆ రోజు ఆయన్ను అడిగాను, "ఆ మోతను ఒకసారి నోటితో పలుకుతారా సామీ?" ఆయన పెదవులు మూసుకొని పలికాడు. ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. మరుసటి రోజు డ్యూటీలో, మధ్యాహ్నం ఎండలో, కంచె దగ్గర నిలబడి ఫోన్ చెవికి పెట్టుకున్నాను. ఆయన గొంతు, ఎదురుగా ట్రాన్స్‌ఫార్మర్ మోత ఒకదాంట్లో ఒకటి కలిసిపోయినాయి. తేడా లేదు.

సబ్‌స్టేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పలికేది సెకనుకు నూరు, కరెంటు ఒకసారి ఊగితే లోపలి ఇనుము రెండుసార్లు అదురుతుంది కాబట్టి. ఆ సంగతి నాకు తెలుసు. తీగల్లోనో ఎర్త్‌లోనో తప్పుంటే వచ్చేది యాభై, కింది స్థాయిలో. పై స్థాయిలో నూరు వస్తోందంటే డయోడ్ల తర్వాత, తొట్టి దగ్గరే ఏదో లోపం. అంటే నా తీగల్లో తప్పు లేదు. నాలుగు నెలల తర్వాత మొదటిసారి తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను.

కండెన్సర్లు రెండూ ఊడదీసి డోన్ పోయాను. నా మీటరు అంత పెద్దవి కొలవలేదు, వాడి షాపులో కొలిచేది ఉంది. విషయమంతా చెప్పాను. వాడు డబ్బాలు తీసుకొని అట్ట తడిక అవతలికి పోయాడు. మీటరు అక్కడే ఉంటుంది. నేనూ లేచి వెంట పోయి ఉండొచ్చు. పోలేదు. టీ తాగుతూ బయటే కూర్చున్నాను. స్నేహితుడు కొలుస్తుంటే వెనకాల నిలబడి చూడాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది?

వాడు బయటికి వచ్చి, "పదివేలకు పదివేలు ఉండాయప్పా. ఇంకా రవ్వంత ఎక్కువే," అన్నాడు.

"మరి ఆ నూరు?"

"నీ చెవికి నూరు. చెవుడు వచ్చిన ముసలాయన మాట పట్టుకొని లెక్కలేస్తాండావు." నా చేతిలోని గ్లాసు తీసుకొని పక్కన పెట్టాడు. "చెబితే బాధపడతావని ఇన్నాళ్ళూ అనలేదు. నీ సోల్డరింగే సరిలేదు. వయసైతాంది గదా. చెయ్యి నిలకడ తప్పింది."

నేను నమ్మాను. చెవితో విన్నదాన్ని, బుద్ధితో తేల్చుకున్నదాన్ని పక్కకు నెట్టి వాడి మాట నమ్మాను. ఇంటికొచ్చి పెట్టెలోని ప్రతి అతుకూ కరిగించి మళ్ళీ వేశాను. వేస్తున్నంతసేపూ నా చేతినే చూసుకున్నాను. చూసుకుంటే వణికింది. మా ఆమె, "ఏమైంది?" అని అడిగితే, "నా చెయ్యి పోయినట్టుండాది," అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకొని తిప్పి చూసి, "నిన్న సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది ఈ చెయ్యే గదా," అనింది. ఆమె మాట నాకు ఎక్కలేదు.

మోత పోలేదు. చివరిసారి పెట్టె లేకుండానే మైదుకూరు పోయి పెద్దాయనకు నా వల్ల కాలేదని చెప్పాను. "శానా శ్రమ పడినావు నాయనా. పోనీలే," అన్నాడు. మజ్జిగ ఇప్పించాడు. ఆ మజ్జిగ తాగడం నాకు ఎంత కష్టమైందో చెప్పలేను. తర్వాత సోల్డరింగ్ సామానంతా అటక మీద పెట్టేశాను. డోన్ పోవడం కూడా తగ్గింది. మొహం చెల్లక కాదు, చేసే పనే లేకపోయె. వాడు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "బాధపడొద్దప్పా, అందరికీ అన్నీ రావు," అనేవాడు.

ఆరు నెలలకు చెల్లెలి ఇంటికి మళ్ళీ మైదుకూరు పోవలసి వచ్చింది. పెద్దాయన ఇంటి సందులో పోవడానికి మొహం చెల్లక చుట్టు తిరిగి పోదామనుకున్నాను. కానీ సందు మొదట్లోనే నాదస్వరం వినిపించింది. ఎవరో ఒకే పలుకును మళ్ళీ మళ్ళీ వాయిస్తున్నారు. మధ్యలో పెద్దాయన గొంతు. "కాదు. ఆ దిగేటప్పుడు తొందరపడినావు. మళ్ళా."

వేళ్ళను చూసి చెప్పే మాట కాదది. లోపలికి పోయాను.

పెద్దాయన హెడ్‌ఫోన్ పెట్టుకొని కూర్చున్నాడు. పక్కన స్టూలు మీద రేకు పెట్టె. నన్ను చూసి మొహమంతా నవ్వాడు. "రా నాయనా, రా. నీ మేలు మరిచిపోను. నీ వల్ల కాకపోయినా మీ స్నేహితుణ్ణి పంపించినావు."

"ఎవర్ని సామీ?"

"డోన్ ఆయప్పను. నువ్వు చేతులెత్తేసి, నువ్వు పోయి చేసియ్యిరా అన్నావంట గదా. మూడు నెలలైతాంది. ఇదో, పెట్టుకొని చూడు."

హెడ్‌ఫోన్ నా తలకు పెట్టాడు. ఏమీ లేదు. శిష్యుడు అంగవస్త్రం సర్దుకున్న చప్పుడు వినిపించింది. వీధిలో ఎవరో చెప్పులీడ్చుకుంటూ పోయిన చప్పుడు వినిపించింది. మోత లేదు. ఇన్ని నెలలు నేను వెతికిన నిశ్శబ్దం అది. నిజం చెప్తున్నాను, మొదట నాకు కలిగింది ఈర్ష్య కాదు. ఎంత బాగా చేశాడురా అనిపించింది. నాకు చెప్పకుండా ఎందుకు చేశాడన్నది ఆ తర్వాత వచ్చింది.

"మూత తీసి చూడొచ్చా సామీ?"

నాలుగు మరలు విప్పాను. లోపల నా డ్రాయింగు ఉంది. మైకుకు వేరే చిన్న తొట్టి నేను గీసినచోటే ఉంది. ఇంకొకటి కూడా ఉంది. ఆ డ్రాయింగు సాపు చేసేటప్పుడు నేనొక తప్పు చేశాను. ఒక రెసిస్టర్ రెండు కొసలూ ఎర్త్‌కే గీశాను. దానివల్ల లాభం లేదు, నష్టం లేదు. నా పెట్టె కట్టేటప్పుడు గమనించి వదిలేశాను. వాడికి చెప్పడం మరిచిపోయాను. ఆ పనికిరాని రెసిస్టర్ ఈ పెట్టెలో బుద్ధిగా రెండు కొసలూ ఎర్త్‌కు అతుక్కొని ఉంది. పక్కనే నీలి డబ్బాలు రెండు. నావాటిలాంటివే, అదే రంగు. వేలితో తట్టి చూశాను. నిండు కుండను తట్టినట్టుంది. నావి తడితే అట్లా పలికేవి కావు.

మూత బిగించి, "నేను పంపలేదు సామీ," అన్నాను. అక్కడికే ఆపుదామనుకున్నాను. ఆగలేకపోయాను. "నాకు తెలియనే తెలియదు."

పెద్దాయన శిష్యుణ్ణి బయటికి పొమ్మని సైగ చేశాడు. తర్వాత పెట్టె మీద చెయ్యి పెట్టి, "ఇది తీసుకుపో నాయనా. నాకొద్దు," అన్నాడు.

"వద్దు సామీ. అది మంచి పెట్టె. పెట్టుకోండి."

ఆయన బలవంతం చేయలేదు. చేసి ఉంటే తీసుకొనిపోయేవాణ్ణేమో.

ఇంటికొచ్చి అటక మీది నా కండెన్సర్లు దించాను. బ్యాటరీతో నింపి, ఒక చిన్న లైటు తగిలించి, ఎంతసేపు వెలుగుతుందో చూశాను. పక్కనే పాత టేప్ రికార్డర్‌లోంచి తీసిన వెయ్యి కండెన్సర్ పెట్టి దానితోనూ చూశాను. వెయ్యిదే కొంచెం ఎక్కువసేపు వెలిగింది. ఈ పరీక్ష నేను ఎప్పుడో చేయవలసింది. చేయాలని తోచలేదు, కొలిచి చెప్పినవాడు వాడు కాబట్టి.

చార్జి అంతా దింపేసి, హాక్సా బ్లేడుతో ఒక డబ్బాను అడ్డంగా కోశాను. లోపల బొటనవేలంత ఇంకో కండెన్సర్. చుట్టూ ఉండ చుట్టిన కాగితం కూరి ఉంది. అరటిపండంత డబ్బాలో చింతకాయంత సరుకు పెట్టి పైన పదివేలని అచ్చేశారు. మా ఆమె వచ్చి చూసి, "ఇదేనా ఇన్ని నెలలు నువ్వు అన్నం సరిగ్గా తినకపోవడానికి కారణం?" అనింది. అవునన్నాను.

మరుసటి సెలవుకు కోసిన ఆ డబ్బా రెండు చెక్కలూ చేతి సంచిలో పెట్టుకొని డోన్ పోయాను. వాడు వైండింగ్ మిషను ముందర కూర్చొని చుట్లు లెక్కపెడుతున్నాడు. చెక్కల్ని వాడి ముందు బల్ల మీద పెట్టాను. చూశాడు. చూసి కూడా లెక్క ఆపలేదు. మిగిలిన చుట్లు పూర్తి చేసి, తీగ తెంచి, కొసకు టేపు చుట్టి, అప్పుడు తలెత్తాడు.

"మైదుకూరు పోయింటివా?" అన్నాడు.

"పోయింటి."

"కూర్చో."

నేను కూర్చోలేదు. "ఇవి దొంగవని ఎప్పుడు తెలిసింది నీకు?"

"పంపినప్పుడు తెలియదు. నా బిడ్డల మీద ఒట్టు. నన్నూ మోసం చేసినారు. పన్నెండు తెప్పిస్తే ఎనిమిది ఇట్లాంటివే వచ్చినాయి."

"మరి ఎప్పుడు?"

"నువ్వు కొలవమని తెచ్చినావే, అప్పుడు."

"మీటర్లో ఎంత చూపించింది?"

"తొమ్మిదొందలు."

"నాకు పదివేలంటివి."

వాడు తల కిందికేసి బల్ల మీది రాగి ముక్కల్ని వేలితో పక్కకు తోశాడు.

"నీకు తెలియదప్పా," అన్నాడు చివరికి. "కాలిన మోటార్లు చుట్టించుకుంటారు. చుట్టినాంక నన్నెవరూ గుర్తు పెట్టుకోరు. నువ్వు ఆ పొద్దు నన్ను ఆయనింటికి తీసుకుపోయినావు. ఆయన నిన్ను నాయనా నాయనా అంటాండె. నీ చెయ్యి పట్టుకొని మాట్లాడతాండె. నాతో కూడా ఒకరు అట్ల మాట్లాడితే ఎట్లుంటాదో చూడాలనిపించింది. ఆ కండెన్సర్లు దొంగవని చెబితే, వేరేవి వేసి నీ పెట్టె బాగుచేసుకుంటావు. నేను చేసేదేముంది ఆడ?"

"నన్ను అడిగింటే ఇద్దరం కలిసి చేసింటిమి గదా."

"కలిసి చేస్తే అది నీ పెట్టే."

అది నిజం కావచ్చు. పరీక్ష రాసిన నాటి నుంచి ఎన్ని సంగతులు వాడి మనసులో ఈ లెక్కలో చేరినాయో నాకు తెలియదు. దోశ తినిపించిన రోజున కూడా వాడు నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వులో నాకేమీ కనపడలేదు. మోత పట్టే మనిషినని గర్వపడేవాణ్ణి. ఇంత దగ్గర కూర్చొని ఇన్నేళ్ళు నేనేం విన్నాను?

అప్పటికి కూడా, పెట్టె గురించి ఒకలాగా సర్దుకోగలిగేవాణ్ణి. పెద్దాయన చెవికి మేలు జరిగింది. ఎవరు చేస్తేనేం. నాకు మింగుడు పడనిది వేరే ఉంది. అది అడిగాను.

"నా సోల్డరింగు సరిలేదన్నావు. చెయ్యి నిలకడ తప్పిందన్నావు. అదెందుకన్నావు?"

వాడు నా వైపు చూశాడు. ఆ ప్రశ్న ఎందుకు అడుగుతున్నానో వాడికి నిజంగానే అర్థం కాలేదు.

"ఏదో ఒకటి చెప్పల్ల గదా," అన్నాడు.

నేను సంచి తీసుకొని బయటికి వచ్చాను. వాడు వెనకాల పిలవలేదు. బనగానపల్లె బస్సులో కిటికీ పక్కన కూర్చొని నా కుడి చేతిని మోకాలి మీద పెట్టుకొని చూసుకుంటూ పోయాను. రోడ్డు గతుకులకు తప్ప అది కదల్లేదు.

తర్వాత వాడు నాలుగైదుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మంచి కండెన్సర్లు రెండు పార్సెల్‌లో పంపాడు. విప్పకుండానే తిప్పి పంపాను. సోల్డరింగ్ సామాను మళ్ళీ దించుకోవడానికి సంవత్సరం పట్టింది. ఇప్పుడు పెద్దవి కొలిచే మీటరు నా దగ్గరే ఉంది. పెద్దాయన ఇంకా ఆ పెట్టెతోనే పాఠం చెబుతున్నాడు. ఎప్పుడైనా మైదుకూరు పోతే పలకరించి వస్తాను. ఆ పెట్టె సంగతి ఇద్దరం ఎత్తం.

పోయిన వేసవిలో వాడి కూతురి పెళ్ళి జరిగింది. పత్రిక ఇచ్చిపోవడానికి వాడి భార్య మా ఇంటికి వచ్చింది. నేను డ్యూటీలో ఉన్నాను. మా ఆమె, "మీ ఇద్దరి నడుమ ఏమన్నా ఉండనీ, ఆ పిల్ల ఏం చేసింది?" అని తనే బయలుదేరి డోన్ పోయింది. ఆ ఉదయం నేను ఇంట్లో ఒక్కణ్ణే ఉండి గడ్డం గీసుకొని, తెల్లచొక్కా కూడా వేసుకున్నాను. తర్వాత విప్పేశాను.

మరుసటి రోజు మధ్యాహ్నం ఆమె తిరిగొచ్చింది. పెళ్ళి బాగా జరిగిందని, పిల్ల లక్షణంగా ఉందని చెప్పింది. పెండ్లి లడ్డూల పొట్లం బల్ల మీద పెట్టింది. "గుమ్మంలోనే అడిగినాడు నీ గురించి," అనింది.

"ఏం చెప్పినావు?"

"డ్యూటీ అని చెప్పినా."

"ఏమన్నాడు?"

"ఈ వారం వానిది రెండో షిఫ్టు గదా, పొద్దున ఖాళీనే అన్నాడు. అని లోపలికి పోయినాడు."

నా షిఫ్టులు వాడికి ఇంకా నోటికి ఉన్నాయి. ఆమె కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోయింది. నేను డ్యూటీ బట్టలు వేసుకున్నాను.